ఆ 153 పౌండ్ల సంగతి కూడా రాయాల్సింది

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంగ్లండు కుర్రకారు తిరుగుబాటు పాటల జోరు, అదే పంక్ సంగీతం, దానికి యాభై ఏళ్ళు వచ్చాయని మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. డెబ్బై దాటిన నాబోటి వాడు ఈ సంగతి తెలుగు పేపర్లో చదువుతానని కలలో కూడా అనుకోలేదు. అందుకు ముందుగా నా సంతోషం తెలియజేసుకుంటున్నాను. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నిక్కబొడుచుకున్న జుట్టు, చెవికి పిన్నీసు, చిరుగుల చొక్కా, అన్నీ వచ్చాయి. పేరున్న బ్యాండ్లు సెక్స్ పిస్టల్స్ ఉన్నారు, క్లాష్ ఉన్నారు. అయితే చివరిదాకా చదివినవాడికి పంక్ అంటే రెండు మూడు పెద్ద కంపెనీలు, లండన్లో ఒక బట్టల కొట్టు కలిసి చేసిన హడావిడి అనిపిస్తుంది. అది సగం కథే. మిగతా సగం నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది. చోటు చాలకపోతే నా సొంత గోల కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

మీ వ్యాసంలో పంకుల్ని మన దిగంబర కవులతో పోల్చారు. పోలిక బాగానే ఉంది. 1965లో తమ తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన వాళ్ళకీ, ఇంగ్లండులో రాణిగారి ఉత్సవాల ఏడాదే రాణిగారి మీద పాట కట్టిన సెక్స్ పిస్టల్స్‌కీ చుట్టరికం కలపొచ్చు. కానీ నేను చెప్పబోయే వాళ్ళలో అంత కోపం లేదు. వాళ్ళది ఒట్టి చిలిపితనం. వాళ్ళ పేరే చూడండి, 'డెస్పరేట్ బైసికిల్స్'. ఇంగ్లీషు రచయిత ప్రీస్ట్‌లీ రాసిన ఒక పాత నవల్లోంచి తీసుకున్నారు. గతి లేని సైకిళ్ళు అనుకోండి, తెగించిన సైకిళ్ళు అనుకోండి, మీ ఇష్టం.

నేనెవరో చెప్పలేదు కదా. నాది విజయవాడ. రిటైరయ్యేదాకా చిన్న ప్రెస్సు నడిపాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే వాల్‌పోస్టర్లు కొట్టేవాళ్ళం. అంతకుముందు 1976లో ప్రింటింగ్ చదువుకోవడానికి లండన్ వెళ్ళాను. ఎలిఫెంట్ అండ్ కాసిల్ అనే చోట లండన్ కాలేజ్ ఆఫ్ ప్రింటింగ్ ఉండేది. మా బావగారు అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. దక్షిణ లండన్లో లూయిషామ్ వైపు అక్కా వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. సంగీతం గురించి నాకు తెలిసిందల్లా ఘంటసాల, సుశీల, పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తిరంజని.

మా క్లాసులో ఒక ఇంగ్లీషు కుర్రాడు ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఏడంగుళాల రికార్డొకటి తెచ్చి మెషీను పక్కన పెట్టి, దీని కవరు చూడమన్నాడు. పాట వినమనలేదు, కవరు చూడమన్నాడు. ప్రెస్సు మనుషులం కదా, ముందు అచ్చు చూస్తాం, ఆ తర్వాతే సరుకు. అది డెస్పరేట్ బైసికిల్స్ వాళ్ళ రెండో రికార్డు, 1977 నాటిది. పాటల పేర్లు 'ది మీడియం వాజ్ టీడియం', 'డోంట్ బ్యాక్ ది ఫ్రంట్'. కవరు మీద మామూలుగా ఉండే పొగడ్తలు లేవు, వాళ్ళ కథ ఉంది. ఆ కథ ఇది: 1977 మార్చిలో ఏ కంపెనీ గడపా తొక్కకుండా సొంత లేబుల్ మీద, అంటే తమ పేరుతో తామే, ఒక రికార్డు వేయాలని, కేవలం ఆ పని కోసమే బ్యాండు పెట్టారు. తూర్పు లండన్ డాల్‌స్టన్‌లో మూడు గంటలకి స్టూడియో మాట్లాడుకున్నారు. రిహార్సలు కొంచెం, ధైర్యం బోలెడు. 'స్మోక్‌స్క్రీన్', 'హ్యాండిల్‌బార్స్' అని రెండు పాటలు రికార్డు చేశారు. మొత్తం ఖర్చు 153 పౌండ్లు. ఇంత చెప్పి, మరి మీరింకా మీ రికార్డు ఎందుకు వేయలేదో తెలుసుకోవాలనుంది, ఇక మీ వంతు అని చదివేవాడికి అప్పజెప్పారు.

ఖర్చు కవరు మీద అచ్చేశారు! అప్పటిదాకా నేను చూసిన ఏ వస్తువు మీదా ఆ పని చూడలేదు. వెల వేస్తారు, ఖర్చు ఎవరేస్తారు? హోటలువాడు దోసె ధర బోర్డు మీద రాస్తాడు గానీ పిండికి ఎంతయిందో రాయడు.

లెక్క వేసి చూద్దాం. ఆ మొదటి రికార్డు 500 కాపీలు వేయించారు. అంటే కాపీకి ముప్ఫై పెన్నీల చిల్లర. అప్పట్లో పౌండు మన డబ్బులో సుమారు 15 రూపాయలు. కాబట్టి మొత్తం 2,300 రూపాయలన్న మాట. అవి అమ్ముడుపోగా 210 పౌండ్లు మిగిలితే అదే రెండో రికార్డుకి పెట్టుబడి అయింది. ఇదే 1977 జనవరిలో క్లాష్ బ్యాండు సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో లక్ష పౌండ్లకి సంతకం పెట్టింది. మీ వ్యాసంలో ఆ లక్ష ఉంది, ఈ 153 లేదు. ఆ లక్షతో ఇలాంటి రికార్డులు ఆరువందల యాభై దాకా వేయొచ్చు. నేను క్లాష్‌ని తక్కువ చేయడం లేదు, వాళ్ళ పాటలు నాకూ ఇష్టమే. కానీ వాళ్ళని చూసినవాడికి 'అబ్బ, వీళ్ళలా ఉండాలి' అనిపిస్తుంది. ఈ సైకిళ్ళని చూసినవాడికి 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. ఆ 'ఓస్, ఇంతేనా' అనేదే ఇంగ్లండులో ఊరూరా కుర్రాళ్ళని కదిలించింది.

ఆ మొదటి రికార్డులో ఇంకో తమాషా ఉంది. రెండు పాటలూ ఒకే వైపు ఎక్కించేసి, రెండో వైపు కూడా మళ్ళీ అవే రెండు పాటలు వేశారు. ఏ వైపు పెట్టినా అదే. ఇక ఏ సైడు, బీ సైడు అన్న గొడవే లేదు. చిన్న కరపత్రాలకి మేమూ ఇలాంటిదే చేస్తాం. ఒకే ప్లేటుతో కాగితం ఒకవైపు కొట్టి, తిరగేసి రెండో వైపు కూడా అదే కొట్టి, మధ్యకి కోసేస్తే ప్లేటు డబ్బులు మిగులుతాయి. ఆ సంగతి వినగానే మాత్రం వీళ్ళు మన జాతి వాళ్ళే అనుకున్నాను.

ఇక పాట. ఆ శనివారమే పశ్చిమ లండన్ వెళ్ళి, కెన్సింగ్టన్ పార్క్ రోడ్డులో రఫ్ ట్రేడ్ అనే కొట్లో నా కాపీ నేను కొనుక్కున్నాను. జెఫ్ ట్రావిస్ అనే ఆయన 1976లో పెట్టిన కొట్టు అది. పెద్ద కంపెనీలు తొంగి చూడని ఇలాంటి రికార్డులు అక్కడ బల్లల మీద గుట్టలుగా ఉండేవి. ఇంటికొచ్చి హాల్లో బావగారి ప్లేయరు మీద పెట్టాను. ముందుకి తోసుకొచ్చేది ఆర్గన్. చవక రకం ఆర్గన్ అని మొదటి స్వరానికే తెలిసిపోతుంది. వాయించే నికీ స్టీఫెన్స్‌కి ఆ చవకతనాన్ని దాచాలన్న ఉద్దేశమే లేదు. డ్రమ్ములు ఎవరో పక్కగదిలో కొడుతున్నట్టుంటాయి. డానీ విగ్లీ గొంతు పాటకీ మాటకీ మధ్యలో ఉంటుంది, మామూలు లండన్ యాస. అమెరికా వాడిలా పాడాలని ఏమాత్రం ప్రయాసపడడు. ఇక పల్లవి ఏమిటంటే చాలా తేలిక, చాలా చవక, పోయి నువ్వూ చెయ్యి అని. మొదటి రికార్డులో 'హ్యాండిల్‌బార్స్' చివర అరిచిన మాటే ఇక్కడ పల్లవి అయింది. అంటే రికార్డు ఎలా వేయాలో చెప్పే రికార్డు అది! పాటా అదే, ప్రకటనా అదే.

మా అక్క చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి పూర్తిగా వింది.

"ఒరేయ్, శ్రుతి లేదు గానీ తాళం తప్పలేదురా," అంది.

బావగారు పేపరు దించకుండానే, "దీనికి డబ్బులిచ్చావా?" అన్నారు.

"కవరుకిచ్చాను బావగారూ," అన్నాను.

అక్క మాత్రం రెండోసారి పెట్టమంది. 'డోంట్ బ్యాక్ ది ఫ్రంట్' పాటని ఆవిడ ఆ తర్వాత కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీసేది. దానికి కారణం ఉంది. అది చెప్పాలంటే ఆ ఏడాది లండన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి.

ఫ్రంట్ అంటే నేషనల్ ఫ్రంట్. నల్లవాళ్ళని, మనలాంటి వాళ్ళని దేశంలోంచి పంపేయాలనే పార్టీ. 1977 మేలో జరిగిన లండన్ కౌన్సిల్ ఎన్నికల్లో దానికి లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. అంతకు ముందు ఏడాది పశ్చిమ లండన్ సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పంజాబీ కుర్రాణ్ణి నడివీధిలో చంపేశారు. 1977 ఆగస్టు 13న, శనివారం, ఆ పార్టీ వాళ్ళు మా పక్కనే ఉన్న న్యూ క్రాస్ నుంచి లూయిషామ్ మీదుగా ఊరేగింపు తీశారు. అడ్డుకోవడానికి వేల మంది వచ్చారు. పోలీసులు అల్లర్ల డాళ్ళు పట్టుకుని దిగారు. ఇంగ్లండు గడ్డ మీద ఆ డాళ్ళు వాడటం అదే మొదటిసారి. ఆ రోజు బావగారికి డ్యూటీ. అక్క నన్ను గడప దాటనివ్వలేదు. ముందు తలుపుకి గొలుసు వేసి, దానికి అడ్డంగా కుర్చీ పెట్టి, ఆ కుర్చీలో తనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. ఒలిచినవి ఒలిచినట్టే గిన్నెలో ఉండిపోయాయి, సాయంత్రం వండలేదు. బావగారు ఇంటికొచ్చేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది.

అలాంటి ఇంట్లోకి వచ్చిందా పాట. ఫ్రంట్‌కి వెన్నుదన్నుగా నిలబడకండి అని చెప్పడమే దాని పని, అదీ మాటలతో ఆడుకుంటూ, ఎక్కడా పళ్ళు కొరక్కుండా. ఆ పార్టీ మీద పత్రికల్లో గంభీరమైన సంపాదకీయాలు వస్తుండేవి, బావగారు అవన్నీ చదివి నిట్టూర్చేవారు. ముక్కూ మొహం తెలియని ఇంగ్లీషు కుర్రాళ్ళు కొందరు మన పక్షాన నిలబడి వాళ్ళని వెక్కిరిస్తున్నారని ఇంట్లో పాట మోగితే ఎలా ఉంటుందో, ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. ఆ తర్వాత ఏప్రిల్ 30న, 1978లో, లండన్ విక్టోరియా పార్కులో 'రాక్ అగెనెస్ట్ రేసిజం' అనే జాతివివక్ష వ్యతిరేక ఉద్యమం వాళ్ళ పెద్ద సభ జరిగింది, క్లాష్ పాడారు. మీ వ్యాసంలో ఆ సభ ఫొటో వేశారు, మంచి పని చేశారు. దానికి ముందు ఏడాదే చిన్నవాళ్ళు చిన్న రికార్డు మీద ఆ మాట అన్నారని గుర్తు చేస్తున్నానంతే.

వీళ్ళే మొట్టమొదటి వాళ్ళని నేననను. మాంచెస్టర్ ఊరి బ్యాండు బజ్‌కాక్స్ వాళ్ళు స్నేహితుల దగ్గర, ఇంట్లోవాళ్ళ దగ్గర 500 పౌండ్లు చేబదులు తీసుకుని 'స్పైరల్ స్క్రాచ్' వేసింది 1977 జనవరిలోనే. అది మొదట వెయ్యి కాపీలు, చివరికి పదహారు వేల దాకా అమ్ముడుపోయింది. అయితే బజ్‌కాక్స్ తాము చేసి చూపించారు. సైకిళ్ళవాళ్ళు నువ్వు చెయ్యి అని నెత్తి మీద కూర్చున్నారు. మరుసటి ఏడాది స్క్రిటీ పొలిటీ అనే బ్యాండు 'స్కాంక్ బ్లాక్ బొలోనా' రికార్డుకి ఆ మాట ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళి, మొత్తం పద్దు కవరు మీద అచ్చేసింది. కేంబ్రిడ్జి స్టూడియోలో పద్నాలుగు గంటలకి 98 పౌండ్లు, ఒత్తడానికి ముందు అసలు ప్రతి తయారుచేసే మాస్టరింగుకి 40, రికార్డు మధ్యలో అతికించే కాగితం లేబుల్ మీద కొట్టడానికి రబ్బరు స్టాంపుకి 8. ఆ రబ్బరు స్టాంపు పద్దు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంత అంత కాదు. లేబుళ్ళు అచ్చు వేయిస్తే ఖర్చని తెల్ల లేబుళ్ళ మీద చేత్తో స్టాంపు గుద్దుకున్నారు!

అదే 1978లో టెలివిజన్ పర్సనాలిటీస్ అనే మరో సొంత లేబుల్ బృందం 'పార్ట్ టైమ్ పంక్స్' అని ఒక పాట వదిలింది. శని ఆదివారాల్లో ముస్తాబై కింగ్స్ రోడ్డులో తిరిగే ఉత్తుత్తి పంకుల మీద ఎగతాళి అది. మీరు అనుబంధం మొదటి పేజీలో వేసిన ఫొటో ఉంది చూశారా, సరిగ్గా వాళ్ళ మీదే! ఇలాంటి రికార్డుల్ని రాత్రి పది దాటాక బీబీసీ వాళ్ళ రేడియో వన్‌లో జాన్ పీల్ అనే ఆయన వేసేవాడు. ఆయన లేకపోతే వీటిలో సగం ఆ వీధి దాటేవి కావు.

ప్రేమ ఉంది కదా అని నాకు కనబడని లోటు లేదనుకోకండి. ఆ 153లో కూలి లేదు. బ్యాండు వాళ్ళ సమయం, కవర్లు మడిచిన వేళ్ళు, కొట్టు కొట్టుకీ మోసుకెళ్ళిన శ్రమ ఏ పద్దులోనూ కనిపించదు. ప్రెస్సు నడిపినవాడిగా చెప్తున్నాను, కూలి కలపని కొటేషన్ కొటేషనే కాదు. ఆర్గన్ ముందే చేతిలో ఉన్నవాడికి చాలా తేలిక అనడం తేలికే. పైగా చిన్న లేబుళ్ళ రికార్డులైనా చాలావరకు ఒత్తేది పెద్ద ఫ్యాక్టరీలే. ఇక వాళ్ళ మాట పట్టుకుని వచ్చిన రికార్డుల్లో చెవులు మూసుకోవాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఆ మాటకొస్తే మన దగ్గర సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాల సంగతి నాకంటే ఎవరికి తెలుసు, నేనే అచ్చు వేశాను కదా. అయినా అవి రాకపోయి ఉంటే బాగుండేదని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ సంపుటాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముగిస్తాను. ఇక్కడికి తిరిగొచ్చి ప్రెస్సు పెట్టిన కొత్తలో కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు కవితల పుస్తకం వేయాలని వచ్చారు. డెమ్మీ సైజు, నాలుగు ఫారాలు. వాళ్ళ దగ్గర డబ్బు తక్కువ, బెరుకు ఎక్కువ. పుస్తకం అచ్చు అంటే ఏదో పెద్ద విద్య అని, ఎంతవుతుందో అడగడానికే భయపడుతున్నారు. కాగితం రీముకి ఎంత, కంపోజింగ్ పేజీకి ఎంత, ప్రింటింగ్ ఫారానికి ఎంత, బైండింగ్ ఎంత, నా లాభం ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. ఈ పద్దు మొత్తం చివరి పేజీలో వేయండి, మీ తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందని సలహా ఇచ్చాను. వేశారు. కూలి కూడా కలిపే వేయించాను, సైకిళ్ళవాళ్ళ కంటే అదొక్కటి నేను మెరుగు చేశాను. పుస్తకం బయటికొచ్చిన వారానికి ఏలూరు రోడ్డులో ఇంకో ప్రెస్సాయన మా ఇంటికొచ్చి కాఫీ తాగి, "రేట్లన్నీ ఇలా బజార్న పెడితే మనం ఏం తిని బతకాలండీ?" అని మర్యాదగానే గొడవ పెట్టుకుని వెళ్ళాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. కవితల గురించి మాత్రం ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

డెస్పరేట్ బైసికిల్స్ 1980లో 'రిమోర్స్ కోడ్' అనే పెద్ద రికార్డు ఒకటి వేశారు, ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. పాత కాపీల్ని ఇప్పుడు సేకర్తలు మొదటి ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొంటున్నారట. చవక అని పాడిన పాట ఖరీదైపోయింది, ఏం చేస్తాం. నా కాపీ కవరు అంచులు నలిగాయి, ఒక మూల చెమ్మ తగిలి ఉబ్బింది, రికార్డు మాత్రం మోగుతుంది. మా మనవరాలికి హైదరాబాదులో స్నేహితులతో ఒక బ్యాండు ఉంది. ఫోన్లోనే రికార్డు చేసి, ఫోన్లోనే లోకానికి వదిలేస్తారు. దానికి ఈ కథంతా చెప్తే, "153 పౌండ్లంటే ఎక్కువే కదా తాతయ్యా," అంది.

చివరగా ఒక మనవి. వాళ్ళ మొదటి రికార్డు, 'స్మోక్‌స్క్రీన్', నా దగ్గర లేదు. వేసిందే 500 కాపీలు. మీ పాఠకుల్లో, ముఖ్యంగా ఆ రోజుల్లో ఇంగ్లండులో పనిచేసి వచ్చిన డాక్టరు కుటుంబాల్లో, ఎవరి అటక మీదైనా అది ఉంటే మీ ఆఫీసుకి కబురు చేయమనండి. నా నంబరు ఈ ఉత్తరంతో విడిగా పంపుతున్నాను, పేపర్లో వేయొద్దు. అమ్మమని అడగను. వాళ్ళింటికే వచ్చి, కవరు కాసేపు చూసి, రెండు వైపులా ఒక్కోసారి పెట్టి విని వచ్చేస్తాను. ప్లేయరు లేకపోతే నాది నేనే తెచ్చుకుంటాను. దారిఖర్చులు నావే.

ఇట్లు,
ఒక పాత ప్రెస్సు మనిషి,
విజయవాడ.